తిరుపతి నేల మీద పొన్నంకి పిట్ట

దసరా వెళ్లి దీపావళి దగ్గరపడే రోజుల్లో, రాత్రంతా ముసురు పట్టి తెల్లవారుజామున తెరిపి ఇచ్చాక, తిరుపతిలో అప్పుడప్పుడు ఒక దృశ్యం కనిపిస్తుంది. అపార్ట్‌మెంటు మెట్ల కిందో, పిట్టగోడ వారగానో, హాస్టల్ వరండాలోనో పిడికెడంత పక్షి ఒకటి ముడుచుకుని కూర్చుని ఉంటుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, తోక కింద కుంకుమ ఎరుపు. మనిషి దగ్గరికి వెళ్లినా ఎగరదు. చుట్టూ నలుగురు చేరతారు, ఫోన్లు బయటికి వస్తాయి. లకుముకి పిట్ట పిల్ల అని ఒకరంటారు, ఎవరింట్లోనో పంజరం నుంచి తప్పించుకున్న విదేశీ పక్షి అని ఇంకొకరంటారు. మధ్యాహ్నానికి ఆ ఫొటో నాలుగు వాట్సాప్ గ్రూపులు తిరుగుతుంది. పక్షి మాత్రం అప్పటికి అక్కడ ఉండదు. తేరుకుని ఎగిరిపోయిందో, పిల్లి నోట పడిందో పట్టించుకునేవాళ్లు తక్కువ.

అది పొన్నంకి పిట్ట. పంజరం పక్షి కాదు, లకుముకికి చుట్టమూ కాదు. ఏటా చలికాలం ముందు ఉత్తరాది నుంచి దక్షిణాదికి, అక్కణ్నుంచి శ్రీలంక దాకా వలస వెళ్లే మన ఉపఖండపు పక్షి. తిరుపతి, చిత్తూరు ప్రాంతం దాని దారిలోనే ఉంది. కొన్ని ఇక్కడ ఒకటి రెండు రోజులు ఆగి ముందుకు పోతాయి, కొన్ని మన పొదల్లో, తోటల్లో ఉండిపోయి ఏప్రిల్ దాకా గడుపుతాయి. ఇన్ని నెలల్లో జనం కంట పడేది ఆ ఒక్క పొద్దున, అదీ అలసి నేలకు కూలినప్పుడే. ఒక మనిషిని ఆసుపత్రి మంచం మీద ఒక్కసారి చూసి, ఆ మనిషి అంతే అనుకోవడం లాంటిదిది. ఊరికి పొన్నంకితో ఉన్న పరిచయమంతా దాని ప్రమాదంతో పరిచయమే. దాని మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలిస్తే గానీ ఆ ప్రమాదం ఎందుకు జరుగుతోందో అర్థం కాదు.

ముందు రూపం చూద్దాం. గోరింక కంటే చిన్నది, ముక్కు నుంచి తోక చివరి దాకా 17 నుంచి 19 సెంటీమీటర్లు. బరువు సుమారు 50, 60 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డంత. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. నడినెత్తి మీద నల్లటి చార, దానికి అటూ ఇటూ లేత గోధుమ రంగు, కళ్ల మీదుగా మెడ వెనక్కి పోయే వెడల్పాటి నల్ల పట్టీ, ఆ పట్టీకి పైన సన్నని తెల్ల గీత. గొంతు తెలుపు, పొట్ట గోధుమవన్నె, పొట్ట అడుగు నుంచి తోక దాకా ఎరుపు. ఎగిరినప్పుడు నల్లటి రెక్కల్లో తెల్ల మచ్చ తళుక్కుమంటుంది. హిందీలో దీన్ని నవరంగ్ అనడం ఇందుకే. ఆడా మగా చూడడానికి ఒకేలా ఉంటాయి.

లకుముకి అని పొరబడడానికి కారణం ఆ నీలం, ఆ పొట్టి తోక. తేడా తెలుసుకోవడానికి రంగుతో పనిలేదు, ముక్కూ కాళ్లూ చూస్తే చాలు. లకుముకి ముక్కు బాకులా పొడవు, కాళ్లు కనబడీ కనబడనంత పొట్టి. పొన్నంకికి ముక్కు పొట్టి, కాళ్లు ఆ ఒంటికి మించిన పొడవు, గట్టివి. తీగ మీద కూర్చుని నీళ్లలోకి చూసే పక్షికి కాళ్లు అంత అవసరం లేదు. రోజంతా నేల మీద గెంతే పక్షికి కాళ్లతోనే బతుకు.

దీని పేరు వెనక ఉన్న కథ తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది. ఆఫ్రికా నుంచి ఆసియా మీదుగా ఆస్ట్రేలియా దాకా, ఉష్ణమండల అడవుల్లో నేలను అంటిపెట్టుకుని బతికే ఇలాంటి రంగుల పక్షులు 40 జాతులకు పైగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో వాటన్నిటినీ పిట్టాలు అంటారు. శాస్త్రంలో వాటి కుటుంబం పేరు పిట్టిడే, పొన్నంకి ఉన్న ప్రజాతి, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు, పేరు పిట్టా. ఆ మాట మన పిట్టే. ఇండోనేసియా అడవిలో కనిపించినా, జాంబియాలో కనిపించినా, ఆ పక్షిని పరిశోధకులు తెలుగు మాటతోనే పిలుస్తున్నారు.

ఆ మాట అంత దూరం మద్రాసు నుంచి వెళ్లింది. ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ రే రాసిన పక్షుల పుస్తకం ఆయన పోయాక 1713లో లండన్‌లో అచ్చయింది. దానికి జేమ్స్ పెటివర్ మద్రాసు పక్షుల మీద ఒక అనుబంధం చేర్చాడు. సెయింట్ జార్జ్ కోటలో సర్జన్‌గా ఉన్న ఎడ్వర్డ్ బక్లీ పంపిన బొమ్మలు దానికి ఆధారం. అందులో ఒక పక్షికి పొన్నంకి పిట్ట అన్న పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో ఇచ్చారు. కోట చుట్టూ తెలుగు బాగా వినిపించే కాలమది. ఇంగ్లిష్‌వాళ్లు అప్పట్లో తెలుగును జెంటూ అనేవాళ్లు. తెలుగు నోట పలికిన పేరు చెవిన పడ్డది పడ్డట్టు కాగితానికి ఎక్కింది.

ఆ తర్వాత ఈ పక్షి శాస్త్రవేత్తల చేతుల్లో కొంతకాలం దారి తప్పింది. 1764లో జార్జ్ ఎడ్వర్డ్స్ దీని బొమ్మ వేసి పొట్టి తోక మాగ్‌పై అని పేరు పెట్టాడు, మాగ్‌పై అంటే కాకి కుటుంబానికి చెందిన పక్షి. ఆ బొమ్మనూ, ఫ్రాన్స్‌కు చెందిన బ్రిసాన్ వర్ణననూ ఆధారం చేసుకుని, జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ 1766లో దీన్ని కాకుల ప్రజాతిలో వేసి కార్వస్ బ్రాకియురస్ అన్నాడు. బ్రాకియురస్ అంటే పొట్టి తోకది. ఇంకో పదేళ్లకు దాన్ని కాకుల్లోంచి తీసి పాడే త్రష్ పక్షుల్లో కలిపారు. చివరికి 1816లో వియ్యో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇది కాకీ కాదు, త్రష్షూ కాదని వేరే ప్రజాతి ఏర్పరచి దానికి పిట్టా అని పేరు పెట్టాడు. చచ్చిన పక్షి చర్మం, గీసిన బొమ్మ చూసి పేర్లు పెట్టిన రోజులవి. ఆకుల మీద గెంతే పక్షిని ఒక్క పూట కళ్లారా చూసి ఉంటే కాకుల్లో కలిపేవాళ్లు కాదేమో.

ఇందులో గమనించాల్సిన సంగతి ఒకటుంది. పొన్నంకి పిట్ట అన్న రెండు మాటల్లో ఆ పక్షికే చెందినది పొన్నంకి. పిట్ట అనేది ప్రతి చిన్న పక్షికీ వాడే మాట. కౌజూ పిట్టే, పాలపిట్టా పిట్టే, మధ్యలో చెప్పే చిన్న కథ పిట్టకథ. శాస్త్రం ఈ సామాన్యమైన మాటను పట్టుకుని పోయింది. ఇక్కడేమో ఆ రెండో మాటే మన నోట మిగిలింది, పొన్నంకి జారిపోయింది. దసరా నాడు పాలపిట్ట కనబడితే శుభమని దాని కోసం ఊరి బయటికి వెళ్లి వెతికే అలవాటు తెలుగువాళ్లకు ఉంది. సరిగ్గా అదే రోజుల్లో ఊరికి వచ్చే ఇంకో నీలిరెక్కల పక్షికి పేరే గుర్తులేదు. పేరు పోతే పక్షి కనిపించినా కనిపించనట్టే. చూసినవాళ్లు ఏదో పక్షి అనుకుని దాటిపోతారు, ఇంట్లో చెప్పడానికి కూడా మాట ఉండదు.

తమిళులు ఈ విషయంలో మనకంటే నయం. నగరి, సత్యవేడు, కుప్పం వైపు రెండు భాషలూ కలిసే ఊళ్లు మనకు చాలానే ఉన్నాయి. తమిళంలో దీనికి ఆరుమణి కురువి అని పేరు, అంటే ఆరు గంటల పిట్ట. తోట కళ్లన్ అని ఇంకో పేరు, అంటే తోటదొంగ. ఈ రెండు పేర్లు పక్షి గురించి చెప్పాల్సిందంతా చెప్పేస్తాయి. మొదటిది ఎప్పుడు వినాలో చెబుతుంది, రెండోది ఎక్కడ, ఎలా తిరుగుతుందో చెబుతుంది. శ్రీలంకలో సింహళ జానపదుల కథ ఇంకోలా ఉంది. నెమలి తన బట్టలు ఎత్తుకుపోయిందని ఈ పిట్ట ఏడుస్తూ తిరుగుతుందట.

దొంగలా ఎందుకు తిరుగుతుందో తెలియాలంటే రాలిన ఆకుల గురించి మాట్లాడాలి. పొన్నంకి దినచర్యంతా వాటి మీదే. చీకటి విడీ విడకముందే కొమ్మ మీంచి నేలకు దిగుతుంది. రెండు మూడు గెంతులు వేస్తుంది, ఆగుతుంది, తల పక్కకు వంచుతుంది, ముక్కుతో ఒక ఆకును పక్కకు విసురుతుంది, కింద దొరికినదాన్ని లాగి మింగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఇదే పని సాయంత్రం దాకా. వానపాములు, చెదలు, చీమలు, పెంకు పురుగులు, చిన్న నత్తలు దాని తిండి. రాత్రికి మాత్రం మళ్లీ చెట్టెక్కి కొమ్మ మీదే పడుకుంటుంది.

చెట్టు కింద పేరుకున్న ఆకులను తవ్వి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైన గలగలలాడే ఎండుటాకులు. వాటి కింద తడిసి, నల్లబడి, ఒకదానికొకటి అతుక్కున్న ఆకులు. అడుగున ఆకో మట్టో చెప్పలేనంతగా చివికిన పొర. పురుగూ పుట్రా ఉండేది మధ్య పొరలో, అడుగు పొరలో. పై పొర ఆ తడిని ఎండకు ఆరిపోకుండా కాపాడుతుంది. తడి ఆరితే వానపాములు లోతుకు వెళ్లిపోతాయి, పొట్టి ముక్కుకు అందవు. అందుకే ఈ పక్షి వాగు పక్కన, గుబురుగా అల్లుకున్న పొదల అడుగున, వెదురు మొదళ్ల దగ్గర, పెద్ద మామిడి, చింత చెట్ల నీడలో మెసులుతుంది. ఎండ పడే చోట అరుదుగా కనిపిస్తుంది.

కింద దాక్కున్న పురుగు జాడ దానికి ఎలా తెలుస్తుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. కళ్లు పెద్దవి, మసక వెలుతురుకు సరిపోయేవి. కానీ ఆకు కింద ఉన్నది కంటికి కనబడదు కదా. కొమ్మలు పట్టుకుని కూర్చునే పక్షుల వర్గంలో 25 జాతుల మెదళ్లను పోల్చి చూసినప్పుడు, వాసనను గ్రహించే భాగం అన్నిటికంటే పెద్దగా ఉన్నది ఈ పొన్నంకికే. పక్షులకు వాసన పెద్దగా తెలియదని చాలాకాలం అనుకున్నారు. ఈ పిట్ట తడి మట్టిలో వానపామును వాసనతో పసిగడుతూ ఉండవచ్చన్న ఆలోచనకు ఆ పోలిక బలమిచ్చింది. తొలకరి మట్టి వాసన మనకు ఒక సంతోషం, ఈ పక్షికి అన్నం కబురు.

ఇన్ని రంగులున్న పక్షి కంటపడకపోవడం వింతగా తోస్తుంది. రంగులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూస్తే ఆ వింత తీరిపోతుంది. ఎరుపంతా పొట్ట కింద ఉంది, నేలవైపు తిరిగి ఉంది. రెక్కలోని తెలుపు మడిచినప్పుడు లోపలికి పోతుంది. పైనుంచి చూసే డేగకు, నిలబడి చూసే మనిషికి కనిపించేది ఆకుపచ్చ వీపు ఒక్కటే. నీడలో, ఎండ చుక్కలు చుక్కలుగా పడే చోట, అది ఒక పచ్చి ఆకులా కలిసిపోతుంది. అలికిడి వింటే మొదట చేసే పని కదలకుండా బిగుసుకుపోవడం. ఇంకా దగ్గరికి వస్తే గెంతుతూ పొద లోపలికి పోతుంది. ఎగరడం ఆఖరి మాట. నడుచుకుంటూ పోయే మనిషికి అందుకే ఇది కనిపించదు. ఒకచోట కూర్చున్న మనిషికి, ఓపిక ఉంటే, పది పదిహేను నిమిషాల్లో ఎక్కడో ఒక ఆకు తిరగబడడం కనిపిస్తుంది. గుంపుగా కలకలం చేస్తూ ఆకులు తిరగేసే బూడిదరంగు పిట్టలు మన తోటల్లో మామూలే. వాటి సందడి కాకుండా, ఒంటరిగా, ఆగి ఆగి వచ్చే చప్పుడు వినిపిస్తే అటు చూడాలి. పొన్నంకి చలికాలంలో ఒంటరిది. కొంత చోటును తనదిగా పెట్టుకుని ఇంకో పొన్నంకి వస్తే తరుముతుంది. కాబట్టి ఒకసారి కనిపించిన పొద దగ్గరే మర్నాడూ కనిపించే అవకాశం ఎక్కువ.

ఇంత నేలబారు పక్షి వేల కిలోమీటర్లు ఎందుకు ఎగురుతుంది? కారణం మళ్లీ తడే అనిపిస్తుంది. పొన్నంకి గూడు పెట్టేది హిమాలయాల పాదాల వెంట, మధ్య భారతంలో, పడమటి కనుమల్లో కర్ణాటక దాకా. కాలం జూన్ నుంచి ఆగస్టు, అంటే నైరుతి రుతుపవనాలు. నేలంతా నాని, పురుగు పుష్కలంగా దొరికే సమయం. గడ్డి, ఆకులతో బంతిలా గూడు అల్లి, పక్క నుంచి దారి పెట్టి, నాలుగైదు గుడ్లు పెడుతుంది. అక్టోబరుకు అక్కడ నేల ఆరిపోతుంది, చలి మొదలవుతుంది, పురుగు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే మన వైపు ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. రాయలసీమలో మిగతా చోట్లతో పోలిస్తే తిరుపతి, చిత్తూరు తూర్పు భాగాలకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు వానలే ప్రాణం. శేషాచలం కోనల్లో తీర్థాలు నిండేది, తలకోన జలపాతం గట్టిగా దూకేది ఆ వానలతోనే. ఒక వాన ముగిసిన నేల నుంచి ఇంకో వాన మొదలైన నేలకు ఈ పక్షి మారుతోంది.

డెహ్రాడూన్ చుట్టుపక్కల నుంచి తిరుపతికి సూటిగా కొలిస్తే సుమారు 1,800 కిలోమీటర్లు. చాలా చిన్న వలస పక్షుల్లాగే పొన్నంకి కూడా రాత్రిపూట ప్రయాణిస్తుంది. రాత్రి గాలి చల్లగా ఉంటుంది, డేగల భయం ఉండదు, పగలు దిగి తిండి వెతుక్కోవచ్చు. కోడిగుడ్డంత బరువున్న ఒంట్లో దాచుకున్న కొవ్వే ఇంధనం. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి ఎదురుగాలి, వాన మొదలైతే ఆ ఇంధనం అనుకున్నదానికంటే ముందే అయిపోతుంది. అప్పుడు కింద ఏది కనిపిస్తే అక్కడ దిగక తప్పదు. కింద చీకటి అడవి ఉంటే దిగిన పక్షి ఎవరికీ కనిపించదు, పొద్దున్నే ఆకుల్లో పనిలో పడుతుంది. కింద రాత్రంతా దీపాలు వెలిగే ఊరుంటే ఆ వెలుగు దాన్ని లాగుతుంది, తికమక పెడుతుంది. తెల్లారాక ఇంకో ప్రమాదం అద్దాలది. కిటికీ అద్దంలో కనిపించే చెట్టు నీడను నిజం చెట్టే అనుకుని పోయి గుద్దుకుంటుంది.

తిరుపతి ఈ విషయంలో ప్రత్యేకమైన ఊరు. కొండ పాదం దాకా ఇళ్లు పెరిగాయి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం 353 చదరపు కిలోమీటర్లు, 1989లో ప్రకటించారు. 2010లో శేషాచలాన్ని జీవావరణ రిజర్వుగా గుర్తించారు. అంత అడవికీ, ఇంత వెలుగుకూ మధ్య దూరం కొన్నిచోట్ల ఒక రోడ్డు వెడల్పే. అడవి కోసం దిగే పక్షి కాస్త గురి తప్పితే వరండాలో పడుతుంది. వరండాలో దొరికిన పక్షిని చూసి ఊళ్లోకి దారి తప్పి వచ్చిందనుకుంటాం. దాని లెక్కలో అది కొండ దగ్గరికే వచ్చింది.

చూడడం కష్టమైన ఈ పక్షిని వినడం తేలిక. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత దీని కోసమే పుట్టిందా అనిపిస్తుంది. తల వెనక్కి వాల్చి, గొంతు చాచి, రెండు పలుకుల ఈల వేస్తుంది. వీట్, ట్యూ. మొదటిది పైకి లేస్తుంది, రెండోది కిందికి వాలుతుంది. కోయిలలా ఒక్కో కూతకూ స్థాయి పెంచుకుంటూ పోదు. రెండు పలుకులు, కాసేపు మౌనం, మళ్లీ రెండు పలుకులు. తెల్లవారుజామున ఆరు ప్రాంతంలో, సాయంత్రం మళ్లీ ఆరు ప్రాంతంలో ఎక్కువగా వినిపిస్తుంది. మబ్బు పట్టిన రోజు పగలు కూడా పలుకుతుంది. అక్కడొకటి పిలిస్తే ఇక్కడొకటి బదులివ్వడమూ ఉంది. కుర్రాళ్లు వేసే ఈల అనుకుని ఎంతమంది దాటిపోయి ఉంటారో.

వినడానికి అడవిలోకే వెళ్లక్కర్లేదు, ఆ వేళల్లో వెళ్లకూడదు కూడా. అలిపిరి మెట్ల దారి చుట్టుపక్కల చిరుతల సంచారం తెలిసిందే. పొద్దు పొడవకముందు, పొద్దు వాలాక ఒంటరిగా పొదల్లో తిరగడం ఏ పక్షి కోసమూ చేయాల్సిన పని కాదు. దానికంటే కొండ పాదాన ఉన్న విశ్వవిద్యాలయాల ఆవరణలు మేలు. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా విశ్వవిద్యాలయం, వ్యవసాయ కళాశాల వైపు పాత చెట్లున్నాయి, వాటి కింద నీడ ఉంది. ఉదయం నడకకు వచ్చేవాళ్లు ఇయర్‌ఫోన్లు తీసి పది నిమిషాలు ఒక బెంచీ మీద కూర్చుంటే చాలు. చంద్రగిరి వైపు, చిత్తూరు చుట్టూ ఉన్న తోతాపురి మామిడి తోటలు ఇంకో మంచి చోటు, ముఖ్యంగా గట్టు వెంట పొద మిగిల్చిన పాత తోటలు. మెర్లిన్ లాంటి యాప్ ఈలను గుర్తుపట్టడంలో సాయం చేస్తుంది. అయితే రికార్డు చేసిన ఈలను పదే పదే వినిపించి పక్షిని బయటికి రప్పించే అలవాటు మంచిది కాదు. తన చోటులోకి ఇంకొకటి వచ్చిందనుకుని అది తిండి మానేసి తరమడానికి వస్తుంది. ఫొటో మనకు మిగులుతుంది, ఆ పూట తిండి దానికి పోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా ఆలోచించాల్సింది చీపురు గురించి, అగ్గిపుల్ల గురించి. ఆవరణ శుభ్రంగా ఉండాలంటే చెట్టు కింద ఒక్క ఆకు ఉండకూడదన్నది మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన నమ్మకం. రోజూ ఊడ్చి, కుప్ప పెట్టి, నిప్పు పెడతారు. ఆ పొగతో ఊపిరి ఆడనిది మనకే. దానితో పాటు ఆ మూడు పొరలూ పోతాయి. ఊడ్చిన నేల మీద పొన్నంకికి ఒక్క మెతుకు దొరకదు. దారులు, వాకిళ్లు, జనం కూర్చునే చోట్లు ఊడ్వాల్సిందే. కానీ ప్రహరీ వెంట, చెట్ల గుంపుల కింద, ఎవరూ నడవని మూలల్లో ఆకులను అలా వదిలేస్తే ఖర్చు లేకుండా ఎరువు తయారవుతుంది, వాన నీరు నేలలోకి ఇంకుతుంది, పక్షికి తిండి ఉంటుంది. పాముల భయం నిజమే, పిల్లలు ఆడుకునే చోట ఆకు గుట్టలు వద్దు. ఆ భయాన్ని ఎకరాల కొద్దీ ఉన్న కాలేజీ ఆవరణ మొత్తానికి వర్తింపజేయడం మాత్రం సరికాదు. మామిడి తోటల్లోనూ అంతే. కలుపు పేరుతో చెట్టు మొదలు దాకా దున్ని, గట్టు మీది పొదలు నరికేసిన తోటలో పక్షుల కూతకు బదులు ట్రాక్టర్ మోత ఒక్కటే మిగులుతుంది.

అడవిలో నిప్పు ఇంకా పెద్ద సమస్య. శేషాచలంలో ఆకురాల్చే చెట్లే ఎక్కువ. ఎర్రచందనంతో సహా చాలా చెట్లు ఎండాకాలం ముందు ఆకు దులిపేస్తాయి, మార్చికి కొండంతా ఎండుటాకు పరుచుకుంటుంది. ఒక బీడీ ముక్క చాలు. 2014 మార్చిలో తిరుమల కొండల్లో రేగిన మంటలను అదుపు చేయడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. నేల మీద పాకే మంట పెద్ద చెట్లను చాలాసార్లు చంపదు, పై నుంచి చూస్తే అడవి మిగిలినట్టే కనిపిస్తుంది. కింద ఆకుల దుప్పటి బూడిదవుతుంది, అందులోని పురుగులతో సహా. మార్చి, ఏప్రిల్ అంటే పొన్నంకి తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు పట్టించుకోవాల్సిన నెలలు. అడవి మంట వార్తల్లో కాలిన హెక్టార్ల లెక్క వస్తుంది, కాలిన నేల సంగతి రాదు.

ప్రపంచవ్యాప్తంగా చూస్తే పొన్నంకి అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షుల జాబితాలో లేదు. ఆ మాట ఊరటే. పక్కనే కడప లంకమల అడవుల్లో కలివికోడి చరిత్ర గుర్తున్నవాళ్లకు ఆ ఊరట ఎంతవరకో కూడా తెలుసు. అదీ నేల మీద బతికే సిగ్గరి పక్షే. 1900 తర్వాత ఇక లేదనుకున్నదాన్ని 1986లో మళ్లీ కనుక్కున్నారు. దాని పొదలు తరిగిపోయాక దానికోసం పడిన తపన అందరికీ తెలుసు. పొన్నంకి విషయంలో ఇంకా అంత దూరం పోలేదు. ఇప్పుడు చేయాల్సిన పని చిన్నది, చౌకైనది. ఆకులను కొన్నిచోట్ల వదిలేయడం, వలస నెలల్లో అవసరం లేని దీపాలు ఆర్పడం, పెద్ద అద్దాల మీద దగ్గర దగ్గరగా చుక్కలో గీతలో అంటించడం.

ఇక మళ్లీ ఆ వరండాలోని పక్షి దగ్గరికి. ఎగరని పక్షి దొరికితే ముందు కాకుల నుంచి, పిల్లుల నుంచి కాపాడాలి. ఒక చెప్పుల పెట్టెకు నాలుగైదు చిల్లులు పొడిచి, అడుగున పాత గుడ్డ పరిచి, పక్షి మీద మెత్తటి బట్ట కప్పి నెమ్మదిగా ఎత్తి అందులో పెట్టి మూత వేయాలి. చీకటే దానికి మందు, వెలుగు పడినా మనుషులు వంగి చూసినా గుండె అదిరిపోతుంది. నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోతుంది. బియ్యం, అన్నం తినదు. దెబ్బ కనిపించిందని పసుపు అద్దకూడదు. సెల్ఫీలు వద్దు. ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. రెక్క వేలాడుతున్నా, రక్తం వస్తున్నా అటవీ శాఖకు చెప్పాలి, లేదా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

దెబ్బలేమీ లేకపోతే ఒకటి రెండు గంటల్లో పెట్టె లోపల గెంతుతున్న చప్పుడు వినిపిస్తుంది. అప్పుడు పెట్టెను రోడ్డుకు దూరంగా, ఆకులు పరుచుకున్న ఏదైనా గుబురు పొద దగ్గరికి తీసుకెళ్లి, నేల మీదే పెట్టి, మూత తీసి పది అడుగులు వెనక్కి జరగాలి. గాల్లోకి విసరకూడదు. కాసేపు అది కదలకుండా కూర్చుంటుంది. తర్వాత రెండు గెంతుల్లో పెట్టె దిగి పొద కిందికి పోతుంది. వెంట వెళ్లక్కర్లేదు. అక్కడే నిలబడి వింటే, ఆకు తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తుంది.